అంచులో పట్టని ఏడు

చిరంజీవి కోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమమే. ఉత్తరం మొదట్లో అలా రాయాలి కాబట్టి రాశాను, చివరిదాకా చదివాక అందులో ఎంత నిజముందో నువ్వే తేల్చుకో. నువ్వు వేళకి తింటున్నావని, ఆ గది కిటికీ ఇప్పుడైనా సరిగ్గా మూసుకుంటోందని, నేను అల్లిన మఫ్లరు పెట్టెలో కాకుండా మెడకే ఉందని అనుకుంటున్నాను.

ఫోనుండగా ఉత్తరమెందుకని మీ ఆయన నవ్వుతున్నాడు. ఫోన్లో నేను ఒకటి చెప్పబోయి ఇంకోటి చెప్తాను. పైగా మన ఇంట్లో ఫోను మాట్లాడితే కింద మందుల షాపాయనకి కూడా వినపడుతుంది, మెట్ల దగ్గర కనిపించినప్పుడు మనం చెప్పిన సంగతికి ఆయన జవాబు చెప్తాడు. ఉత్తరమైతే ఆ బాధ లేదు. పైగా ఇవాళ చెప్పాల్సింది ఫోన్లో నా నోటికి రాదు.

నా కళ్ళ గురించి అడిగావు. కొత్త అద్దాలు వచ్చాయి. సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కుతోంది. కానీ నా మొహం మీద ఇన్ని ముడతలున్నాయని ఇదివరకు తెలియదు, ఇప్పుడు అద్దం ముందు నిలబడితే ప్రతి ఒక్కటీ పలకరిస్తోంది. డాక్టరు మేలు చేశాడో కీడు చేశాడో తెలియడం లేదు.

ముందు గదిలో మన కుట్టు కొట్టుకి పనికి లోటు లేదు. నాటకాల హాలు వాళ్ళు పెద్ద తెర కుట్టమని ఎర్ర మఖమలు గుడ్డ ఇచ్చి వెళ్ళారు. కటింగ్ బల్ల మీద పట్టక నేల మీద పరిచాను. నువ్వుంటే ఆ చివర నువ్వు, ఈ చివర నేను కూర్చుని అంచు కుట్టుకుంటూ వచ్చేవాళ్ళం. మధ్యలో మోకాళ్ళు తగిలినప్పుడు ఇద్దరం ఒకేసారి నడుం పట్టుకుని లేచేవాళ్ళం, గుర్తుందా? నీ కూతురు తెర కిందకి దూరి, ఇద్దరి సూదులూ ఎక్కడ కలుస్తాయో ముందే చెప్తానని వేలు పెట్టి చూపించేది. ఈసారి నేనొక్కదాన్నే ఒక చివర నుంచి మొదలుపెట్టాను. రెండో చివర అంత దూరముంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఇక నీ సంఖ్య సంగతి. నిజం చెప్తున్నాను అమ్మాయ్, దాని గురించి నువ్వు ఎంత విడమరిచి రాస్తే నాకు అంత అయోమయంగా ఉంటోంది. నువ్వు బయల్దేరేటప్పుడు గుండీ నీ సంచి పట్టుకుని ఎప్పుడొస్తావని అడిగితే, ఒక పెద్ద సంఖ్యని పగలగొట్టడానికి వెళ్తున్నాను, అది పగలగానే వచ్చేస్తానన్నావు. (పుట్టినప్పుడు గుండ్రంగా ఉందని గుండీ అన్నాను, తొమ్మిదేళ్ళొచ్చినా అదే నిలిచిపోయింది.) పిల్లని ఊరుకోబెట్టే మాట అనుకున్నాను. తీరా నీ మొదటి ఉత్తరంలో ఆ సంఖ్య వచ్చి కూర్చుంది. మూడు వందలకి పైగా అంకెలు. ఒక పేజీ నిండి రెండో పేజీలోకి కారింది.

తనతోనూ ఒకటితోనూ తప్ప ఇంకే సంఖ్యతోనూ పొత్తు కుదరనిది ప్రధాన సంఖ్య, పదమూడులాగా. చిన్నవాటిని గుణిస్తే వచ్చేది సంయుక్త సంఖ్య, పదిహేనులాగా. అంతవరకు నా బుర్రకీ ఎక్కింది. గుండీలు అట్ట మీద కుట్టేవాళ్ళకి అది తెలిసిన సంగతే. పదిహేనైతే మూడు వరసలుగా సర్దుకోవచ్చు, పదమూడైతే ఒకటే వరస, ఇంకెలా తిప్పినా ఒకటో రెండో బయట నిలబడతాయి. కానీ నీ సంఖ్య సంయుక్తమేనని ఖాయంగా తెలుసని, దేన్ని దేనితో గుణిస్తే వచ్చిందో మాత్రం ఎవరికీ తెలియదని రాశావు. ఏదో పరీక్ష పెడితే ప్రధాన సంఖ్య కాదని తేలిందట, అంతకు మించి ఆ పరీక్ష ఏమీ చెప్పదట. ఈ ముక్క నేను మూడుసార్లు చదివాను. చివరికి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పెట్టె ఊపితే లోపల గలగలమంటోంది కాబట్టి ఉన్నది ఒకటి కాదు, మూత మాత్రం రావడం లేదు. అంతేనా?

అంతే అనుకుని నేను ఊపిరి పీల్చుకునేలోపు ఇంకో ముడి వేశావు. ఆరుని భాగించే చిన్నవాళ్ళు ఒకటి, రెండు, మూడు. కూడితే మళ్ళీ ఆరే వస్తుంది కాబట్టి అది పరిపూర్ణ సంఖ్య. పన్నెండుకి అలా కూడితే పదహారు, అందుకని అది సమృద్ధ సంఖ్య. ఎనిమిదికి ఏడే వస్తుంది, అది న్యూన సంఖ్య. బాగుంది. నీ సంఖ్యని భాగించే చిన్న ముక్కలేవీ లేవని తేలింది కాబట్టి అది న్యూన సంఖ్యేనని ఢంకా బజాయించి రాశావు. ముక్కలేవో తెలియదు గానీ ముక్కలన్నీ కూడినా సంఖ్యకి సరిపోవని మాత్రం తెలుసా? మనిషి మొహం కూడా చూడకుండా చొక్కా బిగుతవుతుందని చెప్పినట్టుంది. మందుల షాపాయనకి ఇది వివరించబోతే, మీకు రాత్రుళ్ళు నిద్ర సరిగ్గా పడుతోందా అని అడిగాడు.

మీ ఆయన గురించి అడిగావు. అక్కడి లెక్కల పరిశోధనవాళ్ళు ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారని నువ్వు చెప్తే 'నీ ఇష్టం' అన్నాడట. అంటే రమ్మనా, ఉండమనా అని నన్ను అడిగితే నేనేం చెప్పను? వాడు లిఫ్టులు బాగుచేసేవాడు. పైకో కిందికో ఎవరైనా మీట నొక్కితే తప్ప వాడికి తనంతట తాను కదలడం రాదు. చిన్నప్పుడు ఆకలేస్తోందా అంటే నీ ఇష్టం అనేవాడు. అయినా వాడి మనసులో ఏముందో ఒకరోజు చూశాను. అది గుండీ సంగతితో ముడిపడి ఉంది కాబట్టి అక్కడే చెప్తాను.

గుండీ నీతో ఎందుకు మాట్లాడడం లేదని అడిగావు. ఫోనిస్తే 'బాగున్నాను' అని నాకు తిరిగిచ్చేస్తోందని, ఉత్తరం చివర ఎప్పుడూ రాసే రెండు ముక్కలు కూడా రాయలేదని, నీ వల్ల ఏం తప్పు జరిగిందని అడిగావు. నీ వల్ల ఏ తప్పూ జరగలేదు. ఇది రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టి, కళ్ళద్దాల దగ్గర్నుంచి లిఫ్టుల దాకా తిరిగొచ్చాను.

ఆ సంఖ్య తన దుప్పటి మీద కావాలని గుండీ నా ప్రాణం తోడేసింది. అమ్మ పగలు ఆ సంఖ్యతో ఉంటుంది కాబట్టి రాత్రి తను దాంతో పడుకుంటానంది. కాదంటే వినే రకమా? తెల్ల దుప్పటి తీసుకుని, అంచు వెంబడి నాలుగు వైపులా సుద్దతో గళ్ళు గీసి, అంగుళానికి ఒక అంకె చొప్పున నీలం దారంతో గొలుసుకుట్టు కుట్టాను. అది పక్కన కూర్చుని నీ ఉత్తరంలోంచి ఒక్కో అంకె చదివేది, నేను కుట్టేదాన్ని. ఒక వైపు పూర్తయితే దాన్ని భుజాన వేసుకుని ఇల్లంతా తిరిగేది. ఆఖరి మూల మాత్రం అది స్కూల్లో ఉండగా నేనే చూసి కుట్టాను. వచ్చేసరికి పూర్తి చేసి ఆశ్చర్యపరుద్దామని నా ఆశ.

అలా కొన్ని నెలలు గడిచాయి. ఈ మధ్య ఒక సెలవు రోజు మధ్యాహ్నం అది మంచం మీద గుండీల డబ్బా బోర్లించుకుని ఆడుకుంటోంది. అంకెలన్నీ కూడితే వచ్చేది మూడుతో పోతే సంఖ్య కూడా మూడుతో పోతుందని నువ్వే కదా దానికి నేర్పావు. దుప్పటి అంచు చూస్తూ, ఒక్కో అంకెకి అన్నేసి గుండీలు పక్కన పెడుతూ, మూడేసి చొప్పున కుప్పలు పోసింది. చివరికి ఒక్క గుండీ కూడా మిగల్లేదు. నమ్మకం కుదరక కటింగ్ బల్ల మీద సుద్దతో భాగహారం మొదలుపెట్టింది. బల్ల చాలక నేల మీదకి దిగింది. తెర గుడ్డ మడిచి దారిచ్చాను. సాయంత్రానికి గుమ్మం దాకా వెళ్ళింది లెక్క, శేషం సున్నా.

ఇంక దాని ఆనందం ఏం చెప్పమంటావు. మీ ఆయన పని నుంచి రాగానే మెడకి వేలాడి, అమ్మ సంఖ్య పగిలిపోయింది, మూడు దొరికింది, ఇంక అమ్మ వచ్చేస్తుందని ఒకటే గోల. వాడికి నమ్మకం కలిగిందో లేదో తెలియదు. నేలంతా సుద్ద లెక్క చూశాడు, నా వైపు చూశాడు, బయటికెళ్ళి కేకు తెచ్చాడు. తిన్నాక ఎవరూ అడక్కుండానే లేచి గదిలోకి వెళ్ళాడు. బీరువాలో నీ అర ఉంది చూడు, నువ్వు వెళ్ళాక దాన్నిండా స్పానర్లు, తీగచుట్టలు కుక్కాడు. అవన్నీ తీసి ఒక పెట్టెలో వేసి, అర తుడిచి, కింద కాగితం పరిచాడు. ఇప్పటికీ ఆ పెట్టె నడిచే దారిలోనే ఉంది. రోజుకొకరం కాలు కొట్టుకుంటున్నాం, అయినా తిరిగి బీరువాలో పెట్టడం లేదు. 'నీ ఇష్టం' అంటే ఏమిటని అడిగావుగా, ఇదీ దానికి అర్థం.

మర్నాడు స్కూలు నుంచి వచ్చి గుండీ నా మిషను పక్కన నిలబడింది. ఫోన్లో నీకు చెప్పేద్దామా అన్నాను. అది దారం చుట్టిన బాబిన్‌ని వేలితో తిప్పుతూ అడిగింది.

"నానమ్మా, అమ్మకి మూడుతో భాగించడం వచ్చు కదా?"

రాకేం, నీకు నేర్పిందే మీ అమ్మ అని, ఏదో పొగుడుతున్నట్టు చెప్పాను.

"అయితే అమ్మకి ఎప్పుడో తెలిసుంటుంది. తెలిసే రావట్లేదు."

అంతే. ఆ మాట అని లోపలికి వెళ్ళిపోయింది. చిన్న సంఖ్యలేవీ దాన్ని భాగించలేవని నువ్వు రాసిన వాక్యం దానికి కంఠతా వచ్చు. అది అబద్ధమనుకుంది. అమ్మ అక్కడ ఊరికే కూర్చుందని, మన దగ్గరికి రావడం ఇష్టం లేక ఒక సంఖ్యని అడ్డం పెట్టుకుందని లెక్క తేల్చుకుంది. ఏడ్చి ఉంటే ఊరుకోబెట్టేదాన్ని. అది ఏడవలేదు. నీ ఫోను వస్తే వచ్చి నిలబడి, మర్యాదగా, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు బాగున్నానని చెప్పి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆఖరి మూల నేనొక్కదాన్నే కుట్టానని చెప్పాను కదా. అక్కడ నీ సంఖ్యలో పక్కపక్కన మూడు ఏడులున్నాయి. గళ్ళు గీయడంలో ఎక్కడో కొలత జారింది, మూల తిరిగేసరికి ఒక అంకెకి గుడ్డ చాలలేదు. ఇరికిస్తే అంచు ముడుచుకుపోతుంది, విప్పి కుడితే ఒక వైపంతా విప్పాలి. ముప్పై కుచ్చులున్న గౌనులో గుడ్డ తగ్గితే ఒక కుచ్చు వదిలేస్తాను, వేసుకున్నవాళ్ళకి కూడా తెలియదు. చేతికి ఉన్న అలవాటు అది. మూడు ఏడుల్లో ఒకటి వదిలేశాను. మూల చక్కగా కలిసింది. ఎంత బాగా కలిసిందో అని రెండుసార్లు చెయ్యి వేసి నిమురుకున్నాను కూడా.

గుండీ గుమ్మం దాకా లెక్క చేసి గెంతులేస్తున్నప్పుడే నాకు ఆ ఏడు గుర్తొచ్చింది. నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో ఇప్పటికీ నాకే సరిగ్గా తెలియదు. మూడు వందల అంకెల్లో ఒక్కటి పోతే ఏమవుతుందిలే అనుకున్నది నిజం. అంత పెద్ద సంఖ్యకి ఒక ఏడు ఏ మూలకి అనుకున్నాను. కానీ అదొక్కటే కాదు. నా కొడుకు నీ అరలో కాగితం పరుస్తుంటే, నువ్వు నిజంగానే వచ్చేస్తున్నావేమో అని నా మనసు కూడా పరుగెత్తింది. ఆ ఒక్క సాయంత్రం నాకు కోడలు వచ్చేసింది. దాన్ని నా చేత్తో నేనే పాడుచేసుకోలేకపోయాను. మర్నాడు దాని మొహం చూశాకైనా చెప్పాల్సింది. అప్పుడు భయం పట్టుకుంది. ఆ ఏడు వల్లే ఇదంతా జరిగిందో లేదో తెలియకుండా ఏమని చెప్పను, చెప్పి ఇంకా గందరగోళం చేస్తానేమో అని రోజులు నెట్టాను.

మొన్న ఫోన్లో నిన్నొక పిచ్చి ప్రశ్న అడిగాను, గుర్తుందా? పెద్ద సంఖ్యలో ఒక్క అంకె జారిపోతే ఏమవుతుందని. నువ్వు నవ్వి, అప్పుడది పూర్తిగా వేరే సంఖ్య అత్తయ్యా, దానికీ దీనికీ ఏ చుట్టరికమూ ఉండదన్నావు. ఇదేమిటి, కొత్తగా లెక్కల మీద పడ్డారని ఆటపట్టించావు. నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక వెళ్ళి దుప్పటి మీద ఆ మూల తడిమి చూశాను. నేను వదిలేసింది కుచ్చు కాదని అప్పుడు తెలిసింది.

నిన్న మధ్యాహ్నం గుండీని కటింగ్ బల్ల మీద ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను. ఎక్కడ అని అడిగింది. దుప్పటి తెచ్చి మూల చూపించాను. దిండు గలీబులోంచి నీ ఉత్తరం తీసింది. ఉత్తరంలో మూడు, దుప్పటి మీద రెండు. వేలితో ఇక్కడా అక్కడా తడిమి చూసుకుంది. ఆ తర్వాత గుండీల డబ్బా తెచ్చి, ఈసారి ఉత్తరం చూస్తూ మొదటి అంకె నుంచి పేర్చడం మొదలుపెట్టింది. నేను తెర కుడుతున్నట్టు నటిస్తూ కూర్చున్నాను. ఎన్ని కుట్లు వంకర పోయాయో తర్వాత విప్పుతుంటే తెలిసింది.

చివరి కుప్ప పోశాక దాని చేతిలో ఒక గుండీ ఉండిపోయింది. అరచేతిలో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది.

"ఒకటి మిగిలింది నానమ్మా. అమ్మ నిజమే చెప్పింది."

అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళదీ కలిపి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. కాసేపటికి ముక్కు నా పమిటకి తుడుచుకుని, నన్ను తిట్టింది. నువ్వు బట్టలు కుట్టుకో నానమ్మా, అంకెల జోలికి రాకు అంది. పడ్డాను. తర్వాత ఆ మూల విప్పించి, చిన్న అతుకు వేయించి, దాని మీద ఏడు కుట్టించింది. అతుకు కనబడుతుందే అంటే, కనబడనీ అంది. ఇప్పుడు ఆ మూల ఒక్కటీ ముందుకి పొడుచుకొచ్చి ఉంది. నా చేతి పనిలో ఇంత వికారమైన మూల ఇంకోటి లేదు. మిగిలిన ఆ గుండీని ఎక్కడ దాచుకుందో నాకు చెప్పలేదు.

రెండేళ్ళు ఉండాలా వద్దా అని నన్ను అడిగావు. ఉండమని రాయడానికి చెయ్యి రావడం లేదు, వచ్చేయమని రాసే హక్కు నాకు లేదు. నాకు నువ్వు కావాలి. రెండో చివర కూర్చోవడానికి మనిషి లేక నా నడుం పడిపోతోంది. అది నా గోడు, నీ పనికి దాన్ని అడ్డం వేయకు. కానీ ఒకటి చెయ్యి. ఆ రెండేళ్ళకి ఒప్పుకునే ముందు, సెలవు పెట్టి ఒకసారి వచ్చి దీని మంచం మీద, ఆ దుప్పటి మీద కూర్చుని, మిగతా లెక్క నీ నోటితో చెప్పు. పగిలినా పగలకపోయినా ఎప్పుడెప్పుడు వస్తావో చెప్పు. సంఖ్య పగలగానే వస్తానని మాత్రం ఇంకెప్పుడూ చెప్పకు. పిల్లలు మాటని అంకెతో సహా పట్టుకుంటారు.

నా మీద కోపమొస్తే కోప్పడు. ఫోన్లో కోప్పడినా ఫర్వాలేదు, మందుల షాపాయన కూడా వింటాడు, నాకు బుద్ధొస్తుంది. నీ అర ఖాళీగానే ఉంది.

కింద కొంచెం కాగితం వదలమని, ఇంకో నాలుగు రోజులు లెక్క చేశాక రాస్తానని గుండీ అంది. ఏం రాస్తుందో నేను చూడను.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అత్తయ్య

అమ్మా,

నానమ్మ ఏడు కుట్టేసింది. ఇప్పుడు నీ సంఖ్యా నా సంఖ్యా ఒకటే. మూడుతో పోదు. ఐదుతో పోదు. ఏడుతో చేశాను, పోదు. పదకొండుతో కూడా పోదు. ఇప్పుడు పదమూడుతో చేస్తున్నాను, గుమ్మం దాకా వచ్చాను. నాన్న స్పానర్ల పెట్టె అడ్డముంది, అది జరిపి చేస్తాను. నేను చిన్నవాటి వైపు నుంచి వస్తున్నాను. నువ్వు పెద్దవాటి వైపు నుంచి రా.

ఇట్లు,
నీ గుండీ